కొబ్బరి చిప్ప కింద

"బూట్లు విప్పి రండి. చప్పుడైతే మా రాణి బెదురుతుంది," అన్నాడు ఎకార్ట్ తలుపు తీస్తూనే.

వినాండ్ బూట్లు విప్పి, చేతిసంచి గుమ్మం దగ్గర పెట్టి, గాజు పెట్టెల గదిలోకి నడిచాడు. క్రేఫెల్డ్ ఊళ్లోని కప్పల పెంపకందార్ల సంఘంలో ఆయనదే పెద్దరికం. ఎవరైనా కొత్తగా గుడ్లు పెట్టించామంటే ఆయన వచ్చి, కళ్లారా చూసి, సంతకం పెట్టాలి. అప్పుడే యోగ్యతాపత్రం. సొంత బావమరిదికి కూడా అనుమానమొచ్చి సంతకం పెట్టని మహానుభావుడు.

నీలం విషపుకప్పలని పేరే గానీ, అడవి చీమలు తింటే కదా విషం ఊరేది. పెట్టెలో పుట్టి ఈగలు తిని బతికేవాటికి ఆ ముచ్చటా లేదు. సంఘంలో ఉన్న విషమంతా సభ్యుల నాలుకల మీదే.

ట్రాము నడిపి రిటైరయ్యాక ఎకార్ట్ ఆర్నెల్లు మంచం దిగలేదు. ఈ నీలం కప్పల జంట వచ్చాకే లేచి గడ్డం గీసుకున్నాడు. రెండేళ్లయినా ఒక్క గుడ్డు లేదు. "వేసవిలోగా పెట్టకపోతే వీటిని ఎవరికో ఇచ్చేసి, నేనూ పడుకుంటాను," అని ఏప్రిల్‌లో మళ్లీ గోడవైపు తిరిగాడు. భార్య రోజ్‌విటాకు గుండె జారిపోయింది. మే నెలలో గుడ్లు పడ్డాయి. ఆనాటినుంచి ఎకార్ట్‌ను పట్టడం ఎవరి తరమూ కావడం లేదు.

"రెండేళ్లు పెట్టనిది ఇప్పుడెలా పెట్టింది?" అడిగాడు వినాండ్.

"చెయ్యి తిరగాలండీ. కొంతమందికి ముప్పై ఏళ్లయినా తిరగదు."

రోజ్‌విటా కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి.

"గురువారం సాయంత్రం ఈవిడ కేకు డబ్బా పట్టుకుని చర్చి పాటలకు పోతుంది. ఇంట్లో సొద ఉండదు. శుక్రవారం పొద్దునకల్లా గుడ్లు. వారం తప్పదు. జర్మన్ కప్ప మరి," అన్నాడు ఎకార్ట్. "ఈ మగాడు పాడితే రాణి అందుకుంటుంది. ఒకదాన్నొకటి పట్టుకుని దొర్లుతాయి. ఏం ప్రేమనుకున్నారు! మేమెప్పుడైనా అలా ఉన్నామా?"

"పెళ్లైన కొత్తలో ఉన్నాం. నువ్వే ట్రాము టైమైందని లేచిపోయేవాడివి," అంది రోజ్‌విటా.

వినాండ్ కళ్లజోడు పెట్టుకుని గాజుకు ముక్కు ఆనించాడు.

"అంతసేపు ఏం చూస్తున్నారు?"

"రాణిగారి వేళ్లు. బాగా వెడల్పుగా ఉన్నాయి."

"దిష్టి పెట్టకండి."

ఎకార్ట్ కొబ్బరి చిప్ప ఎత్తాడు. కింద చిన్న గాజు పళ్లెంలో ఆరు గుడ్లు. "ఆ మెరుపు చూశారా? మీ ఇంటి గుడ్లూ చూశాను లెండి. బురద నీళ్లలో తీసినట్టుంటాయి."

"అచ్చం మావాటిలాగే ఉన్నాయే."

"కుళ్లుకోకండి."

వినాండ్ కాగితం తీశాడు. 'ఈ జంట పెట్టిన గుడ్లను స్వయంగా చూశాను' అని అచ్చయి ఉన్న వరుస దగ్గర కలం ఆగిపోయింది.

"పెట్టేయండి, కాఫీ చల్లారిపోతోంది," అంది రోజ్‌విటా.

వినాండ్ ఆమె వైపు చూశాడు. శుభ్రంగా గీసుకున్న ఎకార్ట్ గడ్డం వైపు చూశాడు. నిట్టూర్చి సంతకం గీకాడు.

ఎకార్ట్ కాగితం లాక్కున్నంత పనిచేసి, దాన్ని గోడకు కొట్టే మేకు కోసం లోపలికి పరుగెత్తాడు. ఈలపాట కూడా మొదలైంది.

గుమ్మంలో వినాండ్ బూట్లు వేసుకున్నాడు. సంచిలోంచి ఖాళీ కేకు డబ్బా తీసి రోజ్‌విటా చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఈ గురువారం మా ఇంటినుంచి గుడ్లతోపాటు ఒక ఆడకప్పను కూడా పట్టుకెళ్లండి."