గిట్టుబాటు కాని కారు

“ఆ ఎక్కువ పెట్టిన డబ్బు పెట్రోల్లో తిరిగి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది బాబూ?” అని ఆమె మళ్ళీ అడిగింది.

షోరూం సేల్స్‌మన్ టై సర్దుకున్నాడు. ఒకే కారు, రెండు రకాలు. మామూలు పెట్రోలుది ఒకటి, బ్యాటరీ కూడా ఉన్న హైబ్రిడ్ ఒకటి. రెండోదానికి ధర బాగా ఎక్కువ. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ ఎక్కువనే పట్టుకుంది. కూరగాయల దగ్గర కూడా బేరమాడని మనిషి ఇవాళ ఉడుంపట్టు పట్టింది. సార్ రోజుకు ఎంత దూరం తిరుగుతారని అతను అడిగితే, ఆఫీసు దగ్గరేనని, సెలవులకు ఊళ్ళు తిరిగే అలవాటు కూడా లేదని భర్తకంటే ముందు తనే చెప్పేసింది. అతను లెక్క వేసి, తల గోక్కుని, అంత తక్కువ తిరుగుడుకు హైబ్రిడ్ గిట్టుబాటు కావడం కష్టమేనని ఒప్పుకున్నాడు. పాపం, ఉద్యోగానికి కొత్త, అబద్ధం ఇంకా అలవాటు కాలేదు.

భర్త నవ్వాడు. నవ్వితే ముచ్చటగా ఉండే మనిషి. లోపలికి అడుగు పెట్టిన కాసేపటికే వాచ్‌మన్‌తో సహా అందరికీ చుట్టమైపోయాడు. మా ఆర్థికమంత్రి సంతకం పెట్టందే పని జరగదని ఆమెను చూపించి అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది.

సరే, హైబ్రిడ్‌ను నడిపి చూద్దామన్నాడు భర్త. ఆమె పక్కన కూర్చుంది, సేల్స్‌మన్ వెనక ఎక్కాడు. ఇంకా స్టార్ట్ చేయలేదేమని ఆమె అడిగేసరికి కారు షోరూం గేటు దాటేసి ఉంది. భర్త చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

“నిదానంగా పోయేటప్పుడు బ్యాటరీ మీదే పోతుంది సార్. వీధిలో పడుకున్న కుక్క కూడా లేవదు” అన్నాడు సేల్స్‌మన్.

ఆమె వెనక్కి తిరిగింది. “మరి ఎవరికీ వినబడకపోతే ఎలా?”

“నడిచేవాళ్ళ కోసం సన్నటి చప్పుడొకటి ఉంటుంది మేడమ్.”

“ఇంట్లోకి వినబడుతుందా?”

“ఇంట్లోకెందుకు మేడమ్?”

“దాన్ని పెద్దది చేయించుకోవచ్చా?”

భర్త పడిపడి నవ్వాడు. చప్పుడు చేయని వస్తువుకు డబ్బు పెడితే మా ఆవిడకు దండగనిపిస్తుంది, మిక్సీ కూడా మోత మోగేదే కొన్నది అన్నాడు.

వాళ్ళ పాత డీజిల్ కారు సంగతి వీధికంతా తెలుసు. సందు మొదట్లో అది దగ్గితే చాలు, ఇంట్లో కూతురు “నాన్న” అనేది. టీవీ ఆగేది. బొమ్మలు బుట్టలోకి చేరేవి. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆ పిల్ల పుస్తకాలున్న లోపలి గదిలోకి పోయేది. ఆయన గుమ్మం ఎక్కేసరికి ఇల్లు అద్దంలా ఉండేది, ఆమె మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చేది. పిల్లల్ని పెంచితే ఇలా పెంచాలి అని పక్కింటావిడ తన వాళ్ళకు చెప్పుకునేది. ఆ బండి మొన్న పూర్తిగా మూలపడింది. ఎలాగైనా బాగు చేయమని ఆమె తనే షెడ్డుకు వెళ్ళి మెకానిక్‌ను బతిమాలింది. చచ్చినదానికి వైద్యమేమిటమ్మా అని అతను చేతులెత్తేశాడు.

తిరిగొచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాక భర్త మెత్తబడ్డాడు. నిజమేలే, మనం తిరిగే నాలుగడుగులకు ఇది దండగ, మామూలుదే రాయించుకుందాం అన్నాడు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగితే సరిపోయేది. గెలిచిన మాట మీద ఇంకో మాట వేయకూడదని ఆమెకు తెలియనిది కాదు. కానీ సేల్స్‌మన్, వాయిదాల్లో కట్టుకోవచ్చు సార్ అని చివరి గాలం వేశాడు. భర్త ఎక్కడ చిక్కుతాడోనన్న కంగారులో ఆమె నోరు జారింది.

“వద్దండీ. అది మన తాహతుకు మించింది.”

పక్క టేబుల్ దగ్గరి జంట తలతిప్పి చూసింది. భర్త చిరునవ్వు చెదరలేదు.

“తాహతా?” అన్నాడు మెల్లగా. తర్వాత సేల్స్‌మన్ వైపు తిరిగాడు. “హైబ్రిడ్డే రాయండి.”

కొరివితో తల గోక్కున్నట్టయింది. కారు తెచ్చుకునే రోజున ఫొటో తీస్తూ, మేడమ్, కాస్త నవ్వండి అన్నాడు సేల్స్‌మన్. నవ్వింది.

ఆ తర్వాత ఆమెకు కంటిమీద కునుకు లేదు. సాయంత్రమైతే చాలు, కిటికీ దగ్గరే నిలబడి కూరలు తరిగేది. ఆయన ఫలానా వేళకే వస్తాడని లేదు. బయల్దేరారా అని ఫోన్ చేస్తే, కొత్త కారు ఎక్కడైనా గుద్దేస్తాననా అని నవ్వాడు. మర్నాడు మళ్ళీ చేస్తే నవ్వలేదు. కొత్త పెళ్ళికూతురిలా ఆ ఎదురుచూపులేమిటమ్మా అని పక్కింటావిడ ఆటపట్టించింది. దీని అసలు ఖరీదు కట్టడం ఇంకా మొదలే కాలేదని ఆమెకు మాత్రం అనిపించేది. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఏడుపొచ్చేది.

ఆ రోజు వాన. కిటికీ అద్దం నిండా నీళ్ళు, వీధి కనబడలేదు. పిల్లలు ముందుగదిలో దుప్పట్లతో గుడారం వేశారు. తమ్ముడు రాజు, అక్క సైన్యం. సోఫా దిండ్లన్నీ నేలమీద, గ్లాసు ఒలికి చాప తడిసింది. వాళ్ళు అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆపమనడానికి ఆమెకు నోరు రాలేదు. ఇంకాసేపు నవ్వనీ అనుకుని, పొంగుతున్న పాలు దించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ముందుగదిలో నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆమె పరుగున వచ్చేసరికి భర్త లోపలికొచ్చి, వెనక్కి తిరిగి తలుపుకు గడియ పెడుతున్నాడు.

పిల్లలకు దాక్కునే వ్యవధి దొరకలేదు.