పోస్టరు కింద పేరు

కంబదూరు రోడ్డు పక్కనున్న జయరాం స్మారక రాయి మీద మళ్లీ ఎవరో ఎన్నికల పోస్టరు అంటించారు. మాజీ జవాను ఓబులేసుకు ఒళ్లు మండింది. చీకటి పడగానే కొడవలి పట్టుకుని ఒక్కడే వచ్చాడు.

"దేశం కోసం సచ్చినోని పేరు మీద మీ మొగాలా? సిగ్గుండాదా మీకు?" అని తిడుతూ గీకసాగాడు.

సైన్యంలో ఉన్నప్పుడు మంచుకొండ మీద జయరాం, ఓబులేసు ఇద్దరివీ పక్కపక్క బంకర్లు. నిద్రపోతే ప్రాణం పోయే చలి. అందుకే గంటకోసారి ఒకడు బంకరు రేకును రెండుసార్లు తడితే, రెండోవాడు తట్టి బదులివ్వాలి. ఒక రాత్రి జయరాం తట్టాడు. ఓబులేసు విన్నాడు. రగ్గులోంచి చెయ్యి తీయడానికి బద్ధకించాడు. స్నేహితుడికి ఏమైందోనని బయటికొచ్చిన జయరాంను మంచు మింగేసింది. ఆ సంగతి ఓబులేసు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పోస్టరు ఊడింది. పేరు బయటపడింది. గాలి ఆగిపోయింది.

రాయిలోంచి రేకు మోగినట్టు రెండు దెబ్బలు వినిపించాయి.

"నేను కాదురా జయరామా! వాళ్లే నిన్ను మర్సిపోయినారు!"

మళ్లీ రెండు దెబ్బలు. ఈసారి గట్టిగా, కోపంగా.

తిరిగి తడదామని చెయ్యెత్తబోయాడు. ఆ ఎండాకాలపు ఉక్కలో వేళ్లు కొయ్యబారి కదల్లేదు.

బదులు రాకపోతే జయరాం ఊరుకునే మనిషి కాదు. బయటికొచ్చి చూస్తాడు.