తారురోడ్డు కళ్లం

“పక్కకు జరుగమ్మా! ఇది బెల్లం బండి, రోడ్డురోలరు కాదు!”

వెంకటరాయప్ప మెటాడోర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. అత్తిబెలె చెక్‌పోస్టు దాటాడో లేదో, ఒక ఆడమనిషి చేతులు చాచి బండికి అడ్డం నిలబడింది. ఆమె వెనక హోసూరు రోడ్డు సగం మేర రాగి కంకులు పరిచి ఉన్నాయి. కోతల కాలంలో ఆ చుట్టుపక్కల పల్లెల పద్ధతే అది. కంకులు తారు మీద పరిస్తే వచ్చేపోయే లారీలు తొక్కి గింజ రాలుస్తాయి. ఎద్దులు అక్కర్లేదు, కూలి అక్కర్లేదు. ఆ లెక్క వెంకటరాయప్పకు మొదట్నుంచీ నచ్చేది, తన బండి చక్రాల దాకా రానంతవరకు.

“పొద్దున్నించి ఒక్క లారీ రాలేదప్పా. ముష్కర అంట. బస్సులోళ్లు గడ్డి చక్రానికి చుట్టుకుంటాదని మట్టిలోకి దించుకొని పోతా ఉండారు. నువ్వన్నా తొక్కించు.”

“లారీల సమ్మె అని తెలిసి కూడా పరుస్తారా ఎవరైనా?”

“తెలిసుంటే ఎందుకు పరుస్తారు?”

వెంకటరాయప్ప ఆకాశం వైపు చూశాడు. తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. బెంగళూరు తరగుపేట మార్కెట్లో బేరగాడు కాచుకుని ఉంటాడు. వెనక బెల్లం మీద కప్పిన టార్పాలినుకు ఒక పక్క చిరుగులు. ఇక్కడ ఆలస్యమైతే సరుకు తడుస్తుంది. తడిసిన బెల్లానికి ధర లేదు.

“మబ్బు చూస్తివా అమ్మా? రేడియోలో చెప్పినాడు, బంగాళాఖాతంలో వాయుగుండమంట. సాయంత్రానికి ఒకటి రెండు చోట్ల పెద్ద వానంట.”

“ఆ ఒకటి రెండు చోట్లలో మన అత్తిబెలె ఉండాదా?”

“అంత విప్పి చెప్పేదానికి వాడికిచ్చే జీతం చాలదేమో.”

“నవ్వులాట కాదప్పా. ఇప్పుడు తడిస్తే ఎల్లుండికి మొలకలొస్తాయి. ఏడాది కూడు ఇది.”

ఆ మాటకు కాదు, ఇంకో లెక్కకు వెంకటరాయప్ప మెత్తబడ్డాడు. లారీలు లేక తరగుపేటకు రాగులు రావడం లేదు. వానకు భయపడిన రైతు ధర దగ్గర పట్టుబట్టడు.

“సరే, తొక్కిస్తా. రాగులు మాత్రం నాకే ఇయ్యాల, నేను చెప్పిన ధరకు.”

“ముందు తొక్కించు. నీ బేరం అయ్యేదాకా వాన ఆగుతాదా?”

బండి ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. ఆమె కర్రతో గడ్డి తిరగేస్తూ చక్రాల పక్కనే నడిచింది.

“రైట్, రైట్! ఎడంపక్కకు… ఆ మూల తొక్కనే లేదు. హోల్డాన్!”

“నేను బెల్లం సావుకారినమ్మా, నీ సిటీబస్సు డ్రైవర్ని కాదు! పేరేంది నీది?”

“అంజినమ్మ. మాట్లాడింది చాలు, ఇంకో తూరి వెనక్కి పో.”

గాలి లేచింది. పొట్టు కళ్లలో పడుతోంది. ఆమె గడ్డి పక్కకు లాగి, గింజలు కుప్పగా ఊడ్వడం మొదలుపెట్టింది. ఒక్కతే. ఇటు ఊడిస్తే అటు గాలి చెదరగొడుతోంది. వెంకటరాయప్ప కాసేపు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత ఏదో తిట్టుకుంటూ దిగి, పంచె ఎగగట్టి, భుజం మీది తుండుతో రెండో వైపునుంచి గింజలు తోయసాగాడు.

“తెల్ల పంచె మాసిపోతాదప్పా!”

“మాసిపోతే ఉతుకుతారు. నువ్వు గోనెసంచి మూతి పట్టు.”

సంచులు నిండేసరికి మొదటి చినుకులు తారు మీద పడ్డాయి. రేడియోవాడు చెప్పిన ఆ ఒకటి రెండు చోట్లలో ఇది ఒకటని తేలిపోయింది.

“ఊరు దగ్గరేనా?”

“అదిగో, ఆ మలుపు తిరిగితే వచ్చేస్తాది.”

వెంకటరాయప్ప టార్పాలిను ఎత్తి చూశాడు. చిరుగులు లేని వైపూ బెల్లం బస్తాలే ఉన్నాయి. ఒక్క క్షణం లెక్క వేశాడు. బెల్లం తడిస్తే మెత్తబడుతుంది. రాగులు తడిస్తే మొలుస్తాయి. మెత్తబడినదాన్ని ఏదో ఒక ధరకు అమ్ముకోవచ్చు, మొలిచినదాన్ని వండుకోలేరు. బెల్లం చిరుగుల కిందికి జరిపి, రాగి సంచులు మంచి వైపుకు చేర్చాడు.

ఊరి మొదట్లోనే ఒక పెంకుటిల్లు ముందు అంజినమ్మ బండి ఆపించింది. ఇద్దరూ సంచులు మోసి అరుగు మీద పెట్టేలోపు వాన కుండపోతగా దిగింది. జల్లు అరుగు దాకా కొడుతోంది. వెంకటరాయప్ప తల తుడుచుకున్నాడు. బండిలో బెల్లం కారి చక్రాల పక్కన ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. అటువైపు చూడకుండా ఆమెతో అన్నాడు:

“దారిలో ఏదేదో అన్నానులే. నీ కష్టం చూసినాక తక్కువ ధర అడిగేదానికి నోరు రావడం లేదమ్మా. తరగుపేటలో ఏం పలికితే అదే ఇస్తా. ముందు తలుపు తియ్యి, సంచులు లోపల పెడదాం.”

అంజినమ్మ చెంగు పిండుకుంటూ గుమ్మానికి వేలాడుతున్న తాళం వైపు చూసింది.

“తాళంచెవి నాకెక్కడిదప్పా? ఇల్లూ రాగులూ మా ఊరి సొన్నమ్మవి, ఆమె మా ఆయన్ని ఎట్లయినా జైలుకు పంపించాలని పొద్దున్నే ఆనేకల్ కోర్టుకు పోయుండాది.”