దూది మంచు

"లైట్లు మాకొద్దప్పా," అంది అంబిక.

రాజగోపాల్ విననట్లే గడప దాటి లోపలికి వచ్చాడు. వెనకాల డ్రైవరు ముద్దుకృష్ణ, చేతిలో పుంగనూరులో కొన్న సీరియల్ లైట్ల డబ్బాతో నిలబడ్డాడు.

"క్రిస్మస్ పండగ దగ్గరకొస్తాంటే చెట్టు బోసిగా ఉంటే ఎట్లమ్మా? పాపయ్య ఉండింటే పెట్టేవాడు కాదా?"

భర్త పేరు ఆ నోట వినగానే అంబిక గోడకు ఆనుకుంది. రెండు నెలల కిందట, రామకుప్పం దాపున, ఇతని రాగి చేను గట్టునే పాపయ్య శవమై దొరికాడు. అరచేతిలో నల్లటి కాలిన గీత. ఏనుగులు రాకుండా రాజగోపాల్ చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టించాడని ఊరందరికీ తెలుసు. పొద్దెక్కేలోగా ఆ తీగ మాయమైందనీ తెలుసు. గుండె ఆగి పోయాడని రాజగోపాల్ అన్నాడు. ఊరు తల ఊపింది. ఆ చావు మీద రేపే మదనపల్లెలో విచారణ.

మూల బకెట్టులో ఇసుక పోసి నిలబెట్టిన సరుగుడు కొమ్మకు అంబిక అత్త రాహేలమ్మ అలంకారం చేస్తోంది. వేలాడే పట్టుగూళ్ళు, బిస్కెట్ పొట్లాల వెండి కాగితాలు, కొమ్మకొమ్మనా మంచులా పరిచిన దూది. ఆమె తల తిప్పలేదు.

"ఏడాది తిరగని సావింట్లో లైట్లు యాడివప్పా?"

"మరి చెట్టు యాల పెట్టినట్టో?"

"చెట్టు ప్రభువుకు. లైట్లు మనకు."

రాజగోపాల్ నవ్వి కుర్చీ లాక్కున్నాడు. "మాదొక తీగ ముక్క కనిపించలేదమ్మా. పిల్లోళ్ళకు గీసుకుంటాదని ఇల్లిల్లూ ఎతుకుతాండాము. సూడు ముద్దుకృష్ణా."

ముద్దుకృష్ణ ట్రంకు పెట్టె బోర్లించాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. మంచం కింద, అటక మీద, పొయ్యి బూడిదలో వెతికాడు. అంబిక నేల మీంచి చూపు ఎత్తలేదు.

"లేదన్నా," అని అతను రాజగోపాల్ చెవి దగ్గర గొణిగాడు. ఆ గొణుగుడు అంబిక చెవిన పడింది. "పాపయ్య సొక్కా కాలి అంటుకున్న ముక్కే తక్కువైంది. అది లేకుంటే రేపు వీళ్ళ మాట ఎవరు నమ్ముతారు?"

రాజగోపాల్ తృప్తిగా లేచాడు. "సరే, తెచ్చిన లైట్లు సుట్టేసి పోదాం."

ముద్దుకృష్ణ వంగి అడుగు కొమ్మ పట్టుకున్నాడు. "ఈ దూది పీకేస్తే గానీ కూర్చోవన్నా."

"ముట్టొద్దు!"

కేక వేసి అంబిక బకెట్టుకు అడ్డం పడింది. ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. పట్టుగూళ్ళు గలగలలాడాయి.

రాజగోపాల్ జాలిగా నాలుక చప్పరించాడు. "ఇడిసిపెట్రా. పాపం, కరెంటంటే బయం పట్టుకునుండాది. మొగుడు అట్ల పోయినాక పట్టుకోదా?"

రాహేలమ్మ చేతిలో దూది ఆగిపోయింది. మొదటిసారి ఆమె అతని ముఖంలోకి చూసింది.

"ఎట్ల పోయినాకప్పా?"

రాజగోపాల్ కండువా సర్దుకున్నాడు.

"గుండె ఆగి పోయినాడని నువ్వే కదా ఊరంతా సాటితివి. గుండె ఆగినోడి పెండ్లాము కరెంటుకు యాల బయపడల్ల?"

అతని ముఖంలో నవ్వు చచ్చిపోయింది. "పదరా," అన్నాడు. ముద్దుకృష్ణ డబ్బా చంకన పెట్టుకుని వెంట పరుగెత్తాడు. జీపు చప్పుడు కుప్పం రోడ్డులో కలిసిపోయింది.

అంబిక నేల మీదే కూలబడింది. "రేపు ఎట్లత్తా?"

"ఏడవద్దు. కండ్లు తుడుసుకో," అంది రాహేలమ్మ, జారిన దూదిని సర్దుతూ. "రేపు ఈ చెట్టు కూడా మనతోటే మదనపల్లె బస్సెక్కుతాది."

దూది మంచు కింద, కొమ్మలకు చుట్టి ఉన్నది పాపయ్య చొక్కాకు అంటుకుని ఇంటికొచ్చిన ఆ తీగ ముక్కే.