పోయొస్త

అక్టోబరు వాన రెండో రోజూ వదల్లేదు. పొద్దున్నే శశికాంత్ తన రూమ్మేట్ వీరభద్రం విరిగిన కాలికి రెండు పక్కలా కొమ్మలు పెట్టి టవల్‌తో బిగించాడు. టెంట్ చుట్టూ నీళ్లు పోవడానికి కాలువ తీశాడు. ఉన్న పొడి బట్టలన్నీ అతనికే కప్పాడు.

మిన్నెసోటాలో సరస్సుల మధ్య పోయే అడవి బాట అది. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఉన్నది ఇద్దరే, శశికాంతే రోడ్డు దాకా నడిచి సాయం తేవాలి.

"ఇగ నేను పోతున్న రా," అన్నాడు శశికాంత్.

"పోతున్న ఏంట్రా? వెళ్ళొస్తానని అను." వీరభద్రానికి చలితో పళ్లు కొట్టుకుంటున్నాయి.

"మీ అమ్మమ్మ లెక్క మాట్లాడకు బే."

వీరభద్రం చెయ్యి చాచి అతని షూ లేసు పట్టుకున్నాడు. "అనరా. ప్లీజ్. అనకపోతే వదల్ను."

"సరే, పోయొస్త. మనుషుల్ని తోలుకొని వస్త. సాలునా?"

వీరభద్రం లేసు వదిలాడు.

చీకటి పడకముందే శశికాంత్ రేంజర్లను, స్ట్రెచర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ మాట వీరభద్రం చేత ఎవరూ అనిపించలేదు. అతను మధ్యాహ్నమే పోయాడు.