తడి ఆరని గోడ

ఇంటి ఓనరు షరీఫ్ బాత్రూం గోడను వేలుతోని గీకిండు. వేలుకంటిన నల్లటి బూజును నర్సింగమ్మ మొఖం ముందటికి తెచ్చిండు.

"ఇల్లు గిట్ల పెట్టి పోతే నేను జాఫర్‌కు ఏమని చెప్పాలె చెల్లె?"

నర్సింగమ్మ మొగడు ఎల్లస్వామికి మక్తల్ నుంచి కొత్తకోటకు బదిలీ అయింది. శుక్రవారం లారీ వస్తది. కొత్తకోటల కాళ్లు గుంజేదాక తిరిగితే దొరికింది ఒక్కటే ఇల్లు, అది షరీఫ్ దోస్తు జాఫర్‌ది. ఇల్లు మంచిగ పెట్టుకుంటరని షరీఫ్ నోటితోని వింటేనే తాళం ఇస్తనన్నడు ఆయన. గోడ తెల్లగైతేనే ఆ మాట చెప్తనంటుండు షరీఫ్. ఇద్దరు ఆడపిల్లలను, లారెడు సామానును ఏసుకొని పరాయి ఊర్ల ఎవరి అరుగు మీద దిగాలె? ఆ ఫికర్‌తోని ఆమెకు బువ్వ సయిస్తలేదు.

గోడ తోముడు పదిహేను దినాల్ల ఇది మూడోసారి. ఇటుక పెంకతోని రాకింది. సోడా నీళ్లు చల్లి కొబ్బరి పీసుతోని రుద్దింది. నీలిమందు కలిపి సున్నమేసింది. చేతులు పొక్కినయి గని గోడ మాత్రం రెండు దినాలు తెల్లగుండి, మూడో దినం అడుగు నుంచి చెమ్మెక్కి మళ్ల నల్లగైతది. ముసురు పట్టింది గద, ఎట్ల ఆరుతది అన్నడు ఎల్లస్వామి. ఎండాకాలంల మాత్రం ఆరి సచ్చిందా అని ఆయన మీద గయ్యిమన్నది. షరీఫేమో నీళ్లు ఎక్కువ గుమ్మరిస్తున్నరు అంటడు. దినం తప్పి దినం వచ్చే నల్లా అది, ఒక్క బిందెతోని ఇద్దరు పిల్లలకు తానం పోసి ఇంకో చెంబెడు మిగిలిస్తది తను. ఇప్పటికి నాలుగు కిరాయి ఇండ్లు మారింది, ఎన్నడూ ఎవరితోని మాట పడలె. అది తల్సుకుంటే ఏడుపు ఆగలె.

బుధవారం పగటీలి మళ్ల సున్నమేసి, ఆరుతదో లేదో సూద్దామని అక్కడనే కూసున్నది. సాయంత్రం నమాజుకు అజాన్ వినవడ్డది. జర సేపటికి గోడ అవతల గుబగుబ నీళ్లు పోసిన చప్పుడైంది. ఇంకొద్ది సేపటికి గోడ అడుగున తడి పైకి పాకబట్టింది.

నర్సింగమ్మ బకెట్ బోర్లేసి ఎక్కి పైనున్న సందులకెల్లి తొంగి చూసింది. అవతల షరీఫ్ వాళ్ల ఎనుక వాకిలి. పరదా ఇల్లని ఆమె ఎన్నడూ అటు అడుగు పెట్టలె. షరీఫ్ తల్లి హనీఫా, కండ్లు పోయిన ముసలమ్మ, నమాజుకు మొఖం కాళ్లు కడుక్కున్న నీళ్లను బేసినుతోని ఎత్తుకొని, గోడ తడుముకుంట వచ్చి, గోడ మొదట్ల ఒక ఎండిన పుల్లకు పోసి పోయింది. దినానికి ఐదు నమాజులు, ఐదు బేసిన్ల నీళ్లు. నర్సింగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

షరీఫ్ దుకాణం నుంచి వచ్చి అప్పుడే సైకిల్ దిగుతుండు. ఆమె ఎదురుంగ పోయి నిలవడ్డది.

"మీ అమ్మ పోసే నీళ్లకు నా చేతులు పుండ్లయినయి భాయ్. మాట గూడ నేనే పడాల్నా?"

షరీఫ్ ఇంట్లకు ఒకసారి చూసి గొంతు తగ్గించిండు. "మెల్లగ చెల్లె. నాకు ఎరుకే."

ఆయన ఆమెను గేటు కాడికి తీసుకపోయి చెప్పిండు. అది చేతులకు పెట్టుకునే మైదాకు చెట్టు. ఆయన చెల్లె ఖమర్ పెట్టింది. ఖమర్ పోయి నాలుగేండ్లు. బిడ్డ పోయినంక తల్లి కండ్లు గూడ పోయినయి. రెండేండ్ల కింద ఎండలకు చెట్టూ పోయింది. బిడ్డ పోయింది, బిడ్డ పెట్టిన చెట్టు గూడ పోయిందని ఆ ముసలి పాణానికి ఏ నోటితోని చెప్పాలె? అందుకే దినాం సాయంత్రం తల్లి పక్కన కూసొని, చెట్టు మంచిగున్నది, చిగురేసింది అని చెప్తడట.

"అమ్మీని అనలేక మిమ్మల్ని అన్న. నాదే తప్పు, జర మాఫ్ చెయ్యి" అన్నడు. తెల్లారి మొదటి బస్సుకు తనే కొత్తకోట పోయి జాఫర్‌కు చెప్పొస్తనన్నడు, చెప్పొచ్చిండు గూడ. నర్సింగమ్మ కోపమంత నీరుగారిపోయింది. ఎవరూ అడగకున్నా గురువారం గోడను ఇంకోసారి తోమింది.

శుక్రవారం సామాన్లు లారీకెక్కినంక ముసలమ్మకు చెప్పి పోదామని లోపలికి పోయింది. హనీఫా మంచం మీద కూసొని ఆమె మొఖం తడిమింది. చేతులు పట్టుకొని, పొక్కిన కాడ వేలు ఆపింది గని ఏమని అడుగలె. నర్సింగమ్మకు పాణం తరుక్కుపోయింది. పోయే ముందర ముసలమ్మ మనసుకు జరంత సల్లగుండే మాట చెప్పాలె అనిపించింది.

"మీ మైదాకు చెట్టు ఎంత పచ్చగున్నదో పెద్దమ్మా. నిండ చిగురేసింది."

హనీఫా బోసి నోటితోని నవ్వింది. కొడుకు దగ్గర్ల లేడు గద అని చెవి పెట్టి విన్నది. నర్సింగమ్మను దగ్గరికి గుంజుకొని చెవుల చెప్పింది.

"అది ఎండి రెండేండ్లాయె బిడ్డా, దినాం నీళ్లు పోసే చెయ్యికి తెల్వదా? వానికి మాత్రం చెప్పకు, దుకాణం ఇడిసి వాడు నా పక్కన కూసునేదే గా ఒక్క అబద్ధం చెప్పనీకె."