రాసేశానన్న సర్వరు

"ఇక చూడు, టికెట్లు ఎలా పరిగెడతాయో," అన్నాడు ప్రోగ్రామరు, థియేటరు బుకింగు కోసం పెట్టిన ట్రయల్ సర్వరులో రైట్ క్యాషింగ్ ఆన్ చేసి. ఇప్పుడది ప్రతి టికెట్టునూ డిస్కు మీద రాసేదాకా ఆగదు. మెమరీలో పెట్టుకుని, రాసేశానని చెప్పేస్తుంది.

సర్వర్లు చూసుకునే అమ్మాయి నవ్వి, దాని ప్లగ్గు పీకేసింది. మళ్లీ ఆన్ చేస్తే, చివర్లో అమ్ముడైన సీట్లన్నీ ఖాళీగా కనిపించాయి.

"రాసేశానంది కదా?"

"రాద్దామనే అనుకుంది. ఈలోపే నువ్వు పీకేశావు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "మన పెళ్లి సంగతి మీ నాన్నగారికి చెప్పేశానన్నావు. అదీ ఇంతేనా?"

"చెప్పాలనే ఉంది. ఆయన మూడ్ బాగున్నప్పుడు..."

"నీ మాట నమ్మి మా అమ్మ రేపు ఆయనకి ఫోన్ చేస్తానంటోంది," అందామె మెల్లగా.

ఇన్నాళ్లూ తన భయాన్ని మాత్రమే దాచుకున్నాననుకున్నాడు. ఆ భయం వల్ల రేపు తలవంచుకోవలసింది ఆమె తల్లి అని అప్పుడు తట్టింది. సర్వరులో క్యాషింగ్ ఆపేసి, ఫోన్ తీసి స్పీకరు పెట్టాడు.

"నాన్నా, నీతో ఒక విషయం..."

"పెళ్లి సంగతేగా? మీ చెల్లి ఎప్పుడో చెప్పింది," అన్నాడు తండ్రి. "నువ్వెప్పుడు నోరు విప్పుతావా అని చూస్తున్నాం. ఆ అమ్మాయి పక్కనుంటే ఫోనివ్వు."

ఆమె అప్పటికే చెయ్యి చాపింది.